తొమ్మిది పొట్టేళ్ల మీద ఎర్ర గీత

పని కోసం వెతుక్కునే కాలేజీ కుర్రాణ్ణి నేను ఇట్టే పట్టేస్తాను. కాలేజీ ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా చేసి హెడ్ క్లర్కుగా రిటైరైనవాణ్ణి. ఫీజు కట్టే కిటికీ దగ్గర అందరూ వెళ్లిపోయేదాకా వెనకే తచ్చాడేవాడు ఒకడుంటాడు. ఆఖరికి వచ్చి, గొంతు తగ్గించి, "సార్, సాయంత్రాలు చేసుకునే పని ఏదన్నా ఉంటే చెప్పండి" అంటాడు. నీకేం పని వచ్చని అడిగితే "ఏదైనా చేస్తాను సార్" అంటాడు. ఆ 'ఏదైనా' దగ్గర నాకు నవ్వొచ్చేది. వాణ్ణి చూసి కాదు, నన్ను నేను తలుచుకుని. అదే మాట పట్టుకుని తిరిగి తిరిగి నేను ఎక్కడ తేలానో చెబుతాను. చదువుకుంటూ పని వెతుక్కునేవాళ్లయితే మీకు ఇందులో పనికొచ్చేది కొంచెం ఉండొచ్చు. లేకపోతే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఇది ఎనభైల మొదటి మాట. మాది ఉదయగిరి. నాయన బజారులో దర్జీ. నేను ఆత్మకూరులో గది తీసుకుని బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాను. గది అంటే నలుగురికి ఒకటి, అందులో రెండు చాపలు. మొదటి ఏడు ఫీజులు నాయన ఎట్లాగో నెట్టుకొచ్చాడు. ఎండాకాలం సెలవులైపోయి రెండో ఏడుకు నేను బస్సెక్కబోతుంటే నెమ్మదిగా ఒక మాట చెప్పాడు.

"అబయా, ఈసారి టర్ము ఫీజు నువ్వే చూసుకోవాల. కుదరకపోతే ఇంటికొచ్చెయ్. కాజాలు కుట్టేదానికి మనిషి కావల్సుండాది."

నాయన ఆ మాట కోపంగా అనలేదు. అందుకే నాకు భయమేసింది. కోపంతో అన్నదైతే నాలుగు రోజులకు చల్లారేది. ఇది లెక్కలు వేసుకుని చెప్పిన మాట. ఫీజు కట్టకపోతే రిజిస్టర్లో నా పేరు కొట్టేస్తారు, నేను జన్మంతా చొక్కాలకు బొత్తాం కంతలు కుట్టుకుంటూ కూర్చుంటాను. నాకు ఆ పని అంటే చిన్నచూపు లేదు గానీ, సూది పట్టుకుంటే నా వేలికే గుచ్చుకునేది.

కాలేజీలో పేద విద్యార్థుల నిధి అని ఒకటుండేది. దానికి మునసబు చేత పేదవాళ్లమని కాయితం రాయించుకు రావాలి. మా మునసబు కళ్లజోడు సర్దుకుని, "ఇంట్లో రెండు మిషన్లు పెట్టుకోని పేదోళ్లమంటే ఎట్టరా?" అన్నాడు. రెండో మిషనుకు చక్రం లేదని, దాని మీద మా అమ్మ మిరపకాయలు ఎండబెడుతుందని ఎంత చెప్పినా వినలేదు. పైగా, పండక్కి తన చొక్కా ఆలస్యం చేశాడని నాయన మీద ఒక పాత కోపం ఉంది. ఆ కాయితం రాలేదు, ఆ నిధీ రాలేదు.

అప్పుడు మొదలుపెట్టాను పనుల వేట. మొదట బస్టాండు దగ్గర హోటల్లో సాయంత్రాలు వడ్డించే పని. మా క్లాసువాళ్లు గుంపుగా వచ్చి "ఒరే, ఈడ రెండు దోసెలు" అని అరిచేవాళ్లు. దానికి నేను సిగ్గుపడలేదు. సిగ్గుపడకపోవడమే నా కొంప ముంచింది. నా స్నేహితులు గదా అని ఒక్కో దోసెకు నాలుగేసి గరిటెల చట్నీ పోశాను. నాలుగో రోజు హోటలాయన నా చేతిలో గరిటె లాక్కుని, "నీకు పెట్టే చెయ్యి ఉండాది అబయా, ఇది సత్రం గాదు" అని పంపించేశాడు.

తర్వాత టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్లో మిషన్లు తుడిచే పని. కుట్టుమిషను విప్పి బిగించే ఇంట్లో పుట్టినవాణ్ణి, టైపు మిషను ఎంత అనుకుని ఒకదాన్ని విప్పేశాను. మళ్లీ బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. జేబులో వేసుకున్నాను. మిషను కదలలేదు, యజమాని నా జేబు వైపు చూశాడు. అక్కడ మూడు రోజులు. ఆ తర్వాత సినిమా హాల్లో టార్చి పట్టుకుని సీట్లు చూపించే పని. అది నెలరోజులు సాగేదే గానీ, సినిమాలో మునిగిపోయి నేను దారికి అడ్డంగా నిలబడేవాణ్ణి. జనం చీకట్లో నన్ను గుద్దుకుని నన్నే తిట్టేవాళ్లు. "టికెట్టు కొనకుండా సినిమా చూసేదానికి నీకు జీతమొకటా" అన్నాడు మేనేజరు.

ఇవన్నీ మా ఎకనామిక్స్ లెక్చరరు చెవిన పడ్డాయి. ఆయన పడీపడీ నవ్వి, ఒక చీటీ రాసిచ్చి పశువుల ఆస్పత్రి డాక్టరు దగ్గరికి పంపించాడు. ఊళ్లు తిరిగి గొర్రెలకు నట్టల మందు తాపే రోజులవి. వానలు మొదలు కాగానే గొర్రెల కడుపులో పురుగులు పెరుగుతాయి, వాటికి ఆ మందు. ఊరూ పేరూ రాసిపెట్టడానికి, సాయానికి ఒక చదువుకున్న మనిషి కావాలి. శని, ఆదివారాలు, సెలవు రోజులు పని. రోజుకింతని కూలి. టర్ము ఫీజు గడువుకు సరిగ్గా సరిపోయేట్టుంది.

డాక్టరు కృష్ణా జిల్లా మనిషి, మాట మెత్తన, చూపు గట్టి. చీటీ చదివి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"గొర్రెలతో అలవాటుందా అబ్బాయ్?"

"గొర్రెల్లోనే పుట్టి పెరిగినాను సార్" అన్నాను.

నోరా వీపుకు తేకే అని ఊరికే అనలేదు పెద్దలు. గొర్రెకూ నాకూ ఉన్న చుట్టరికం ఎప్పుడో పండక్కి పళ్లెంలో కలుసుకోవడమే. కానీ అప్పటికి మూడు పనులు పోగొట్టుకున్న నోరు అది, తనంతట తానే పలికేసింది.

ఆయన పుండ్లకు పూసే ఊదా రంగు మందు సీసా చేతికిచ్చాడు. "మందు తాగినదానికల్లా నెత్తి మీద ఒక్క చుక్క పెట్టు. లేకపోతే ఒకటే రెండుసార్లు తాగుతుంది, ఇంకోటి తప్పించుకుంటుంది. చుక్క నెత్తి మీదే. ఇంకే రంగూ వద్దు, ఇంకెక్కడా వద్దు" అన్నాడు. ఎందుకు వద్దని నోటిదాకా వచ్చింది. అడిగితే నేను గొర్రెల్లో పుట్టినవాణ్ణి కాదని తెలిసిపోతుంది. తల ఊపి ఊరుకున్నాను.

నాతోపాటు ఊళ్లకు వచ్చేది కాంపౌండరు. రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉన్న మనిషి. ఎండుకట్టెలాగా ఉండేవాడు, ఏం జరిగినా "నేనుండాను గదా" అనేవాడు. చాలాసార్లు ఆయన అక్కడ ఉండేవాడు కాదు. ఉదయగిరి వైపు డాక్టరు పోస్టు ఖాళీగా ఉండటంతో మా డాక్టరే ఇన్‌ఛార్జి, అందుకని మాకు ఉదయగిరి కొండ చుట్టుపక్కల ఊళ్లన్నీ పడ్డాయి. కాంపౌండరుకు ప్రతి ఊళ్లో ఎవరో ఒక చుట్టముండేవాడు. గొర్రెలకు మందు తాపేది నేను, మజ్జిగ తాగేది ఆయన.

నాలుగు వారాలు బాగానే గడిచింది. గొర్రె మూతి ఎత్తి పట్టడం, దవడ పక్క నుంచి వెదురు గొట్టంతో మందు పోయడం, దగ్గు రాకుండా చూసుకోవడం నేర్చుకున్నాను. పొట్టేళ్లంటే మాత్రం భయం పోలేదు. అది తల వంచి రెండడుగులు వెనక్కి వేసిందంటే మర్యాద చేస్తోందనుకునేవాణ్ణి మొదట్లో. రెండుసార్లు పడ్డాక తెలిసింది అది మర్యాద కాదని.

అయిదో వారం దసరాకు కాస్త ముందు. ఆ ఏడు బక్రీదూ దసరా వెంటే వచ్చింది. కొండ కింద ఒక చిన్న పల్లె. పక్క ఊళ్లో కాంపౌండరు మేనల్లుడి గృహప్రవేశం. "నువ్వు తాపుతుండు, అర్ధగంటలో వస్తా, నేనుండాను గదా" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. పల్లెలో మందలన్నీ అయిపోయి, చివర్లో ఒక అవ్వ ఇల్లు మిగిలింది.

ఆ అవ్వకు రెండు కళ్లకూ పొర కమ్మింది. మనిషి వచ్చినట్టు మసగ్గా తెలుస్తుంది, మొహం తెలియదు. అయినా ఒంటి చేత్తో మందను సాకుతోంది. పేరు పెట్టి పిలిస్తే వచ్చిన గొర్రెను చెవి తడిమి గుర్తుపట్టి, కాళ్ల మధ్య ఇరికించుకుని, మూతి పైకెత్తి, "పొయ్యి అబయా" అనేది. నేను మూడేళ్లు నేర్చుకున్నా అంత చక్కగా పట్టుకోలేను. గొర్రెలన్నీ అయ్యాయి. మిగిలినవి తొమ్మిది పొట్టేళ్లు. తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ నల్ల మచ్చలు, జోడిపి అంటారు మా వైపు. గుర్రప్పిల్లల్లాగా ఉన్నాయి.

"బక్రీదు సంతకు పెట్టుకున్నా ఈటిని" అంది అవ్వ. "ఈటిని అమ్మి నెల్లూరుకు పోయి కళ్లు కోయించుకోవాల. పండగ దాటితే ఎవురూ అడగరు. సగం రేటుకు ఇయ్యమంటారు. సగానికి ఒక కన్ను గూడా కొయ్యరంట."

మొదటి పొట్టేలుకు మందు పోశాను. నెత్తి మీద చుక్క పెట్టడానికి వంగాను. అది ఎప్పుడు వెనక్కి వేసిందో, ఎప్పుడు ముందుకు వచ్చిందో తెలియదు. నేను వెల్లకిలా పడ్డాను. ఊదా మందు సీసా బండ మీద పగిలి, సగం మట్టిలో, సగం కాలేజీకి వేసుకునే నా ఒకే ఒక్క ప్యాంటు మీద ఒలికింది.

"పడినావా?" అంది అవ్వ.

"లేదవ్వా, కూర్చున్నా" అన్నాను.

గుర్తు పెట్టకపోతే డాక్టరు ఒప్పుకోడు. చుట్టూ చూశాను. దసరా పండగకని గోడ కింది వరసకు పూయడానికి అవ్వ చట్టినిండా జాజు కలిపి పెట్టుకుంది. ఎర్రగా, చిక్కగా ఉంది. రంగు రంగే గదా అనుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది, నాకు తెలివి ఎక్కువైంది. నీళ్లలో కలిపిన జాజు వానకు పోతుందని, అవ్వనడిగి ఆముదం తెచ్చి అందులో గిలక్కొట్టాను. ఇక నెత్తి జోలికి పోయే ధైర్యం లేదు. పొట్టేలుకు మెత్తటి వైపు వెనకవైపే అని, గుడ్డపేలిక ముంచి తొమ్మిదింటికీ తోక పైన అడ్డంగా ఒక్కో గీత లాగాను. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, నున్నటి తెల్లని ఒంటి మీద గీత మిలమిలా మెరిసింది. నాకే ముచ్చటేసింది. గొర్రెల్లో పుట్టినవాడెవడూ చేయని పని చేశానని నాకు తెలియదు. అవ్వకు కనపడదు. తెలిసిన కాంపౌండరు గృహప్రవేశంలో పాయసం తాగుతున్నాడు.

ఎనిమిది రోజుల తర్వాత ఉదయగిరి సంత. బక్రీదు ముందు సంత కాబట్టి చుట్టూ ఉన్న ఊళ్ల జీవాలన్నీ అక్కడే. జబ్బు జీవాలేమైనా ఉంటే చూడమని డాక్టరు కాంపౌండరునూ నన్నూ పంపించాడు. అవ్వ ఒక పక్కన తొమ్మిది పొట్టేళ్లనూ ఒకే తాడుకు కట్టి కూర్చుని ఉంది. పలకరించాను.

"ఏందో అబయా, పొద్దుటి నుంచి అడుగులు వస్తుండాయి, పోతుండాయి. నోరు మాత్తరం ఎవురూ తెరవడంలా" అంది.

నిజమే. బేరగాళ్లు దూరం నుంచి పొట్టేళ్లను చూసి ఆశగా వస్తున్నారు. వెనక్కి వెళ్లి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా పక్కకు పోతున్నారు. ఒకతన్ని ఆపి అడిగాను, బాగున్నాయి గదా, ఎందుకు అడగడం లేదని.

"అమ్ముడుపోయినదానికి బేరమేందిరా? సాయిబు గీత ఉండాది గదా" అన్నాడు.

అతను చూపించిన వైపు చూశాను. సంతకు ఆ చివర కంపతో అల్లిన దొడ్డి. అందులో నలభై పొట్టేళ్లు. ప్రతి దానికీ తోక పైన అడ్డంగా ఎర్ర గీత. ఉదయగిరి చుట్టుపక్కల పెద్ద వ్యాపారి ఒక సాయిబు ఉండేవాడు. ఆయన బేరం కుదిరిన జీవానికి జాజుతో అట్లా గీత లాగితే, ఇక దాని వైపు ఇంకొకరు చూడరు. ప్రతి వ్యాపారికీ ఒక గుర్తు, ప్రతి గుర్తుకూ ఒక చోటు. డాక్టరు ఇంకే రంగూ వద్దు, ఇంకెక్కడా వద్దు అన్నది అందుకు.

పరిగెత్తి కాంపౌండరుకు చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది.

"నెత్తి మీద గదా పెట్టమన్నింది?"

"సీసా పగిలిపోయింది."

"నాకు చెప్పాల గదా?"

"మీరు ఆడ లేరు గదా."

ఆయన నా చెయ్యి పట్టుకుని సోడా బండి వెనక్కి లాక్కెళ్లాడు. "ఇప్పుడు నోరు తెరిచినావంటే నీ పనీ పోతుంది, నా పింఛనుకూ ఎసరొస్తుంది. సంత అయిపోయేదాకా ఈడ్నే నిలబడు. నేనుండాను గదా" అన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఫీజు గడువు ఇంకా వారమే ఉంది. రెండు రోజుల పని చేస్తే కూలి మొత్తం చేతికొస్తుంది. అవ్వ పొట్టేళ్లకు ఏదో దారి దొరక్కపోదులే అని నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గు లేకుండా చెప్పుకున్నాను, ఇప్పుడు దాచడమెందుకు?

అవ్వ పక్కవాళ్లను చూడమని చెప్పి మంచినీళ్లకు లేచింది. ఇంతలో సాయిబు మనుషులు గీత ఉన్న జీవాలన్నిటినీ తోలుకుపోతూ వచ్చి, తొమ్మిదింటినీ తాడు విప్పి దొడ్లోకి తోలేశారు. పక్కవాళ్లు ఆపలేదు, గీత ఉంది గదా. అవ్వ తిరిగొచ్చి తడిమి చూసింది. తాడు ఉంది, పొట్టేళ్లు లేవు.

ఆ తర్వాత ఆమె గొంతు సంత మొత్తం వినిపించింది. జనం మూగారు. సాయిబు మనుషులు, "గీత ఉండాది, మా సరుకే" అన్నారు. జనంలో ఎవరో, "ముసల్దానికి కళ్లు కనపడవు, ఏం తెచ్చిందో, ఎవురికి అమ్మిందో ఆమెకే తెలవదు" అన్నారు. ఇంకొకరు నవ్వారు. పరాయి జీవాలకు ఆశపడి వచ్చిందని కూడా ఒక మాట వినపడింది.

అవ్వ అరవడం ఆపేసింది. చేతికర్ర నేలకు ఆనించి, అందరి వైపూ మొహం తిప్పి నిమ్మళంగా చెప్పింది. "నేను అమ్మలా. తొమ్మిది తెచ్చినాను. ఆస్పత్రి పిలకాయ వచ్చి మందు తాపినాడు ఈటికి. ఆ పిలకాయను పిలవండి. సదువుకునే పిలకాయ, అబద్దం ఆడడు."

అంతకుముందు నన్ను చాలామంది చాలా తిట్లు తిట్టారు. ఏ తిట్టూ ఆ మాట గుచ్చుకున్నట్టు గుచ్చుకోలేదు. కాంపౌండరు నా చొక్కా పట్టుకునే ఉన్నాడు. విదిలించుకుని జనంలోకి నడిచాను.

సాయిబు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. తెల్లటి గడ్డం, భుజాన తువ్వాలు. నేను మొత్తం చెప్పేశాను, సీసా పగలడం, జాజు, ఆముదం, గీత. ఆయన చివరిదాకా విని అడిగాడు.

"గొర్రెలోళ్ల పిలకాయవేనా నువ్వు?"

"కాదు సాయిబూ. దర్జీ పిలకాయను."

సంత మొత్తం నవ్వింది. సాయిబు నవ్వలేదు. దొడ్డి వైపు చెయ్యి చూపించి, "నలభై తొమ్మిది ఉండాయి ఆడ. అన్నిటికీ నా గీతే. అవ్వవి యేవో తీసియ్యి మరి" అన్నాడు.

ఎట్లా తీయను? జోడిపి పొట్టేళ్లన్నీ నా కంటికి ఒకటే. అప్పుడు తట్టింది. సాయిబు జాజు నీళ్లలో కలిపింది, నాది ఆముదంలో. దొడ్లోకి దిగాను. బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్న నేను, మా ఊరి సంతలో, నన్ను పుట్టినప్పటి నుంచి ఎరిగిన జనం ముందు, ఒక్కొక్క పొట్టేలు తోక ఎత్తి పట్టుకుని గీత వాసన చూడటం మొదలుపెట్టాను. జనం కంప చుట్టూ మూగి చూశారు. "ఏమి కంపు, ఎకనామిక్సు కంపా?" అని అరిచాడు మా క్లాసువాడొకడు, వాడక్కడ ఎందుకున్నాడో దేవుడికే తెలియాలి. రెండు పొట్టేళ్లు నన్ను తన్నాయి. ఒకటి తన్నడం కంటే పెద్ద అవమానమే చేసింది, అది రాయను.

ఆముదం వాసన వచ్చినదాన్నల్లా లాక్కొచ్చి అవ్వ ముందు నిలబెట్టాను. ఆమె చెవి తడిమి, "నాదే" అనేది. అయిదోదాన్ని తడిమి చెయ్యి తీసేసింది. "ఇది నాది గాదు. తోలు లోపలికి" అంది. నా చేతికంటిన ఆముదమే నన్ను మోసం చేసినట్టుంది, తోలాను. అట్లా తొమ్మిదీ బయటికొచ్చాయి.

అందరూ ఇక అయిపోయిందనుకున్నారు. అవ్వ కదల్లేదు.

"సాయిబూ, నా జీవాలు నాకొచ్చినాయి, సంతోషమే. ఇప్పుడు ఈటిని ఎవురు కొంటారు? నీ గీత ఉండాది గదా."

"తుడిపిస్తాలే అవ్వా."

"ఆముదం సాయిబూ. వానకే పోదంట. సదువుకునే పిలకాయ కలిపినాడు."

సాయిబు నా వైపు ఒక చూపు చూశాడు. అవ్వ ఆగలేదు. "నీ గీత ఉండే జీవం సంతలోనుంచి ఎనక్కి ఇంటికి పోతే జనం ఏమనుకుంటారు? సాయిబు కొనినాడు, డబ్బు ఇయ్యలేక వాపసు తోలినాడు అనుకోరా? నాకైతే ఏముండాది, ముసల్దాన్ని. నీ మాట పోతుంది గదా అని."

జనం గొడవ ఆపి వింటున్నారు. ఆయన గీత ఉన్న జీవం ఎన్నడూ సంత నుంచి వెనక్కి పోలేదని అందరికీ తెలుసు. ఆ గీత చూసి ఇంకొకరెవరూ అడగరనీ తెలుసు. నేను పెట్టిన గీత పొద్దుటి నుంచి అవ్వ మెడకు ఉరైంది. ఒక్క మాటతో ఆమె దాన్ని తీసి సాయిబు మెడకు తగిలించింది.

సాయిబు గడ్డం నిమురుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని దగ్గరున్న నాకు తెలిసింది. మంచం మీద నుంచి లేచి, అవ్వ ఎదురుగా నేల మీద చతికిలబడి, కుడిచేతి మీద తువ్వాలు కప్పాడు. సంతలో బేరం నోటితో చెయ్యరు. తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని రేటు చెప్పుకుంటారు. ఎంతన్నారో, ఎంతకొప్పుకున్నారో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. అవ్వ చెయ్యి లోపలికి పోయింది. తువ్వాలు కింద రెండు పిల్లికూనలు కొట్లాడుకున్నట్టు కదిలింది. సాయిబు మధ్యలో రెండుసార్లు చెయ్యి లాక్కోబోయాడు. అవ్వ వదల్లేదు. చాలాసేపటికి చెయ్యి బయటికి తీసి, వేళ్లు విదిలించుకుంటూ అన్నాడు.

"అవ్వా, కళ్లు లేకుండానే ఇంత పట్టు పడుతుండావు. కళ్లొచ్చినాక నేను యాపారం మానుకోవాల్సిందే."

అవ్వ మడతలు పడిన మొహం వెలిగిపోయింది. ఆ రేటు ఎంతో ఇవాళ్టికీ నాకు తెలియదు. ఒక కంటికి సరిపడా కాదు, రెండింటికీ సరిపడా అని మాత్రం తెలిసింది.

అప్పుడు సాయిబు నా వైపు తిరిగాడు. "నీ పుణ్యాన ఈ పొద్దు నేను మునిగినాను. నష్టం ఎట్ట తీరుస్తావు?" నేను నోరు తెరిచేలోపే ఆయనే చెప్పాడు. "ముప్పై ఏండ్లనుంచి నీళ్లతో కలిపి పూస్తుండాను, వానొస్తే కడుక్కోని పోతుంది, తగాదాలొస్తాయి. ఈ ఆముదం బుద్ధి నాకు పుట్టలా. వచ్చే సంత నుంచి నా జీవాలకు గీతలు నువ్వే పెట్టాల. మూడు సంతలు ఊరికే. ఆ తర్వాత కూలిస్తా."

సోమవారం పొద్దున్నే డాక్టరు ముందు నిలబడ్డాను. సంగతి అప్పటికే ఆయనకు చేరింది. నాకంటే ముందు కాంపౌండరు వచ్చి, "తప్పు నాది సార్, నేను ఆడ లేను" అని చెప్పాడట. ఆ మనిషి నోట 'లేను' అన్న మాట రావడం అదే మొదటిసారి. ఆయనకు చీవాట్లతో పోయింది, పింఛను భద్రంగానే ఉంది. డాక్టరు నన్ను పైకీ కిందికీ చూశాడు.

"గొర్రెల్లో పుట్టి పెరిగానన్నావు?"

"కుట్టుమిషను కింద సార్."

"అదేదో అప్పుడే చెబితే, ఆ చుక్క ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో అయిదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి కదయ్యా" అన్నాడు. తిట్టినా బాగుండేది. చేసిన రోజులకు కూలి ఇచ్చి, ఇక రానక్కర్లేదని చెప్పాడు. తర్వాత కాలేజీ ఆఫీసులో నా దగ్గరికి వచ్చిన పిల్లలకు నేను చెప్పిందల్లా ఆయన మాటే. రానిది రాదని చెప్పండి, నేర్పేవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు.

ఆ కూలి ఫీజుకు కొంచెం తగ్గింది. ఇంటికి పోయి నాయన ముందు నిలబడ్డాను. ఆయన కత్తెర పక్కన పెట్టి, తగ్గింది తీసి ఇచ్చాడు. "పొట్టేళ్ల ఎనకాల వాసన చూసినావంట గదా నలుగురిలో. సదువు కోసం అంతకు తెగించినోణ్ణి కాజాలు కుట్టమని నేనెట్ట అడుగుతాను" అన్నాడు.

డిగ్రీ అయ్యేదాకా ప్రతి సంతకూ బస్సెక్కి వచ్చి సాయిబు పొట్టేళ్లకు గీతలు పెట్టాను. మూడు సంతలు ఊరికే, తర్వాత కూలికి. నేను వెతుక్కున్నవాటిలో ఆ ఒక్క పనే నిలిచింది, దాన్ని నేను వెతకనే లేదు. కాలేజీలో నాకొక పేరు పెట్టారు, అది మీకు చెప్పను.

ఎండలు ముదిరిన ఒక సంత రోజు నేను వంగి పని చేసుకుంటున్నాను. ఎవరో వచ్చి వెనక నిలబడ్డారు. చూస్తే సోడా సీసా అడుగంత మందం అద్దాల కళ్లజోడు పెట్టుకున్న ఒక ముసలామె. గుర్తు పట్టలేదు. "అడ్డం జరుగవ్వా" అన్నాను. నా గొంతు వినగానే ఆమె మొహం విప్పారింది.

"నువ్వేనా" అంది.

నన్ను కింద నుంచి పైదాకా తీరిగ్గా చూసింది. నా మొహం ఆమె చూడటం అదే మొదటిసారి. తర్వాత నా చేతిలో ఉన్న పొట్టేలు వెనక్కి వెళ్లి, వంగి, కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని, నేను అప్పుడే లాగిన గీతను చూసింది. మిగిలినవాటినీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, తిరిగొచ్చి నిలబడింది.

"ఏంది అబయా, ఒక్క గీతైనా తిన్నగా లేదే. ఇంత వంకరగా పెడుతుండావు."

చూశాను. వంకరగానే ఉన్నాయి. పేలిక చట్టిలో పడేసి, జాజు చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా పనికి వంకలు పెట్టినవాళ్లు లెక్కలేనంత మంది. వంక పెట్టినందుకు సంతోషంతో ఏడ్చింది మాత్రం ఆ ఒక్కసారే.